ఉద్దానం ప్రాంతంలో అధిక రక్తపోటు, గుండె జబ్బులు

శ్రీకాకుళం జిల్లా ఉత్తర తీరమున పలాస, టెక్కలి పరిసరాలలోను, ఉద్దానం అని పిలువబడే తోటల ప్రాంతంలోను అధిక రక్తపోటు, హృద్ధమని వ్యాధి మరియు దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి ఒకదానితో ఒకటి పెనవేసుకొని కనిపిస్తాయి. ఉద్దానం పేరు చెప్పగానే మూత్రపిండాల వ్యాధి గుర్తుకు రావడం సహజం. అయితే మూత్రపిండాల వ్యాధి ఉన్నవారిలో ఎక్కువ మంది ప్రాణాలను తీసేది గుండె మరియు రక్తనాళాల జబ్బులే అన్నది ప్రపంచమంతటా వైద్యులు గమనించిన విషయం. అందువలన ఈ ప్రాంతంలో రక్తపోటును గురించి విడిగా తెలుసుకోవలసిన అవసరం ఉన్నది. రక్తపోటు, గుండె జబ్బుల ప్రాథమిక విషయాలతో పాటు ఉద్దానంలో వాటికి ఉన్న ప్రత్యేకతలను ఈ వ్యాసం వివరిస్తుంది.

ప్రాంతము

ఉద్దానం అనే మాట "ఉద్యానవనం" నుండి వచ్చినదని చెబుతారు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలలోని గ్రామాలు ఇందులోకి వస్తాయి. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు ఇక్కడి ప్రధాన ఆధారం. పలాస-కాశీబుగ్గ జంట పట్టణం జీడిపప్పు పరిశ్రమకు ప్రసిద్ధి. టెక్కలి రెవెన్యూ డివిజను కేంద్రం. దాని చుట్టుప్రక్కల గ్రానైటు క్వారీలు ఉన్నాయి. 2022లో పలాస కూడా రెవెన్యూ డివిజను కేంద్రమైనది. తీర గ్రామాలలోని మత్స్యకారులు పలువురు గుజరాత్‌లోని వెరావల్ వంటి రేవులకు వలస వెళ్ళి పడవలపై పనిచేస్తారు. తోటపని, క్వారీపని, సముద్రపు వేట - ఇవన్నీ ఎండలో చెమటోడ్చి చేసే పనులే. ఆరోగ్యం విషయంలో ఈ సంగతి ముఖ్యమైనది.

రక్తపోటు అంటే ఏమిటి

గుండె కొట్టుకొన్నప్పుడు ధమనులలోనికి రక్తం వేగంగా నెట్టబడుతుంది. ఆ రక్తం ధమనుల గోడలపై కలిగించే ఒత్తిడినే రక్తపోటు అంటారు. గుండె ముడుచుకొన్నప్పుడు ఉండే పై అంకెను సిస్టోలిక్ లేదా ముకుళిత పీడనం అని, గుండె విప్పారినప్పుడు ఉండే క్రింది అంకెను డయాస్టోలిక్ లేదా వికసిత పీడనం అని పిలుస్తారు. ఈ అంకెలు పాదరసపు స్తంభం ఎత్తును మిల్లీమీటర్లలో తెలుపుతాయి. పెద్దవారిలో 120/80 కంటె తక్కువ ఉన్నచో మామూలుగా ఉన్నట్లు భావిస్తారు. వేరువేరు రోజులలో కొలిచినప్పుడు 140/90 గాని అంతకు మించి గాని ఉంటే అధిక రక్తపోటు అని భారతదేశంలోను, మరి అనేక దేశాలలోను నిర్ణయిస్తారు. అమెరికా హృద్రోగ సంఘాలు 2017లో ఈ హద్దును 130/80కి తగ్గించాయి. ఇంటివద్ద కొలిచేవారికి 135/85 హద్దుగా తీసుకొంటారు.

రక్తపోటును తొలిసారి కొలిచినది ఇంగ్లాండుకు చెందిన స్టీఫెన్ హేల్స్. ఆయన గుర్రం ధమనిలోనికి గొట్టం దూర్చి రక్తం ఎంత ఎత్తుకు లేస్తుందో చూసి, ఆ వివరాలను 1733లో ప్రచురించాడు. చేతికి పట్టీ కట్టి కొలిచే పద్ధతిని 1896లో ఇటలీ వైద్యుడు రీవా-రోచి ప్రవేశపెట్టాడు. స్టెతస్కోపుతో శబ్దాలను వింటూ రెండు అంకెలను గుర్తించే పద్ధతిని 1905లో రష్యా వైద్యుడు నికొలాయ్ కొరోట్కోవ్ వివరించాడు. నేటికీ ఆశా కార్యకర్తలు, నర్సులు చేతికి పట్టీ కట్టియే పరీక్షిస్తారు, యంత్రాలు మాత్రం ఎలక్ట్రానిక్‌వి అయ్యాయి.

కొలవడంలో పొరపాట్లు చాలా సాధారణం. ఎండలో నడచి వచ్చిన మనిషిని వెంటనే కూర్చోబెట్టి కొలిస్తే అంకె ఎక్కువ చూపిస్తుంది. కనీసం 5 నిముషాలు కుర్చీలో వీపు ఆనించి కూర్చోవాలి. అరగంట ముందునుండి టీ, చుట్ట, బీడీ మానాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్లపై ఉండాలి. కాళ్ళు మెలివేసుకోరాదు, మాట్లాడరాదు. రెండుసార్లు కొలిచి సగటు తీయాలి. ఒక్కసారి ఎక్కువ వచ్చినంత మాత్రాన "బి.పి. ఉంది" అని ముద్ర వేయుట సరికాదు. అలాగే ఒక్కసారి తక్కువ వచ్చినదని మాత్రలు మానేయుట అంతకంటె ప్రమాదకరం.

అధిక రక్తపోటుకు చాలామందిలో ఏ లక్షణమూ ఉండదు. తలనొప్పి, కళ్ళు తిరగడం ఉంటేనే బి.పి. అని జనంలో ఉన్న నమ్మకం తప్పు. 2019-21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 ఏళ్ళు దాటిన స్త్రీలలో 21 శాతం, పురుషులలో 24 శాతం మందికి రక్తపోటు ఎక్కువగా ఉండడం గాని, దానికి మందులు వాడుతుండడం గాని కనిపించినది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ సంఖ్యలు జాతీయ సగటుకంటె ఎక్కువగానే ఉన్నాయి.

హృద్ధమని వ్యాధి

గుండె కండరానికి రక్తాన్ని అందించే ధమనులను హృద్ధమనులు అంటారు. ఇవి గుండెపై కిరీటంలాగా చుట్టుకొని ఉంటాయి. అధిక పీడనం వలన ఈ ధమనుల లోపలి పొర దెబ్బతింటుంది. దెబ్బతిన్న చోట చెడ్డ కొలెస్టరాల్ అని వాడుకలో పిలిచే ఎల్.డి.ఎల్. గోడలోనికి చేరి, క్రమంగా కొవ్వు, కణాలు, కాల్షియంతో కూడిన ఫలకంగా పేరుకొంటుంది. ధమని సన్నబడినకొద్దీ, బరువు మోసేటప్పుడో మెట్లెక్కేటప్పుడో గుండెకు రక్తం చాలక ఛాతీలో పట్టినట్లు నొప్పి వస్తుంది. విశ్రాంతి తీసుకొంటే తగ్గుతుంది. ఫలకం ఒక్కసారిగా చిట్లి దానిపై రక్తపు గడ్డ ఏర్పడి ధమని మూసుకుపోతే గుండె కండరం చనిపోవడం మొదలవుతుంది. ఇదే గుండెపోటు.

2002లో లాన్సెట్ పత్రికలో వెలువడిన ఒక పెద్ద సమీక్ష ప్రకారం, 40 నుండి 69 ఏళ్ళ వారిలో పై అంకె 20, లేదా క్రింది అంకె 10 పెరిగిన ప్రతిసారీ హృద్ధమని వ్యాధితోను, పక్షవాతంతోను మరణించే ప్రమాదం సుమారు రెట్టింపవుతుంది. ఈ పెరుగుదల 115/75 వద్దనుండే మొదలవుతుంది. అంటే 140 అనేది వైద్యుల సౌలభ్యం కొరకు గీసుకొన్న గీత మాత్రమే. 52 దేశాలలో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం (2004) పొగాకు, కొలెస్టరాల్ అసమతౌల్యం, అధిక రక్తపోటు, మధుమేహం, పొట్ట చుట్టూ కొవ్వు మొదలైన తొమ్మిది కారణాలే గుండెపోట్లలో అత్యధిక భాగానికి మూలమని తేల్చింది. దక్షిణాసియా వారికి తొలి గుండెపోటు ఇతరులకంటె సుమారు ఆరేళ్ళు ముందుగా, అంటే 53 ఏళ్ళ సరాసరి వయసులో వస్తున్నదని అదే అధ్యయనం చూపినది.

గుండె జబ్బు పట్నవాసుల రోగమనే అభిప్రాయం చాలాకాలం ఉండేది. తెలుగు తీరంలోనే జరిగిన ఒక అధ్యయనం దీనిని గట్టిగా ప్రశ్నించింది. ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామాలలో 2003-04లో సంభవించిన మరణాలను ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య కార్యక్రమం ఒక్కొక్కటిగా విచారించింది. వాటిలో సుమారు 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వలననే అని తేలింది. అంటువ్యాధుల వలన సంభవించిన మరణాలు అంతకంటె చాలా తక్కువ.

మూత్రపిండం ముందా, రక్తపోటు ముందా

ఉద్దానం మిగిలిన ప్రాంతాలనుండి వేరుపడేది ఇక్కడే. సాధారణంగా వైద్యగ్రంథాలు చెప్పే క్రమం ఇది: మధుమేహం గాని, ఏళ్ళ తరబడి అదుపులో లేని రక్తపోటు గాని మూత్రపిండాలను పాడుచేస్తాయి. ఉద్దానంలోని రోగులలో ఎక్కువమందికి మధుమేహం లేదు. జబ్బు మొదలైన కాలంలో రక్తపోటు కూడా మామూలుగానో, స్వల్పంగా ఎక్కువగానో ఉంటుంది. మూత్రంలో ప్రొటీను కూడా అంతగా పోదు. జబ్బు మూత్రపిండాలలోని సన్నని నాళికలను, వాటి చుట్టూ ఉన్న కణజాలాన్ని మెల్లగా ఎండబెడుతుంది. దీనికి నిర్దిష్టమైన కారణం తెలియనందున "కారణం తెలియని దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి" అనే పేరు పెట్టారు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలోను, నికరాగువా, ఎల్ సాల్వడార్ దేశాల చెరకు కూలీలలోను ఇటువంటి వ్యాధే ఉన్నది.

మూత్రపిండాలు బాగా దెబ్బతిన్న తరువాత మాత్రం రక్తపోటు పెరగడం మొదలవుతుంది. అవి ఉప్పును, నీటిని బయటకు పంపలేవు కనుక రక్తం పరిమాణం పెరుగుతుంది. రెనిన్ అనే స్రావం ఎక్కువై రక్తనాళాలు బిగుసుకుంటాయి. అలా పెరిగిన రక్తపోటు తిరిగి మిగిలిన మూత్రపిండాన్ని దెబ్బతీస్తుంది. ఈ విధంగా మొదట ఫలితంగా వచ్చినదే తరువాత కారణంగా మారుతుంది.

దీనివలన ఆచరణలో రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. మొదటిది, "బి.పి. చూపించుకున్నాను, బాగానే ఉంది" అనుకొని నిశ్చింతగా ఉండడం. ఉద్దానంలో రక్తపోటు మామూలుగా ఉన్నంత మాత్రాన మూత్రపిండాలు బాగున్నట్లు కాదు. సీరం క్రియాటినిన్ పరీక్ష చేసి, దానినుండి వడపోత వేగాన్ని లెక్కగట్టినప్పుడే తెలుస్తుంది. రెండవ పొరపాటు ఇంకా విచారకరమైనది. రక్తపోటు మాత్రలు వాడడం మొదలుపెట్టిన కొన్నాళ్ళకు మూత్రపిండాల జబ్బు బయటపడితే, మాత్రలే కిడ్నీని పాడుచేశాయని కుటుంబం నమ్ముతుంది. ఇంటిలో మిగిలినవారు కూడా మాత్రలు మానేస్తారు. నిజానికి మూత్రపిండం అంతకుముందే దెబ్బతిని ఉంటుంది. రక్తపోటు దాని చాటింపు మాత్రమే. మాత్రలు మానినవారికి పక్షవాతమో గుండె వైఫల్యమో ముందుగా వచ్చే అవకాశం ఎక్కువ.

మూత్రపిండాల వ్యాధిలో గుండె రెండు విధాలుగా దెబ్బతింటుంది. ఒకటి పైన చెప్పిన హృద్ధమని వ్యాధి. రెండవది, ఎక్కువ పీడనానికి ఎదురుగా ఏళ్ళ తరబడి రక్తం నెట్టడం వలన గుండె ఎడమ జఠరిక గోడ మందమై, బిగుసుకుపోవడం. దీనికి రక్తహీనత తోడవుతుంది. మూత్రపిండాలు తయారుచేసే ఎరిత్రోపోయిటిన్ తగ్గడమే దానికి ముఖ్య కారణం. రక్తంలో భాస్వరం పెరిగి ధమనుల గోడలలో కాల్షియం పేరుకొంటుంది. డయాలిసిస్ రోగులలో హఠాన్మరణాలు ఎక్కువగా ఉండడానికి ఇవన్నీ కారణాలే. రక్తంలోని భాస్వరాన్ని కొలిచే ప్రసిద్ధ పద్ధతులలో ఒకటి, 1925లో ఫిస్కేతో కలసి మన ఎల్లాప్రగడ సుబ్బారావు రూపొందించినదన్న సంగతి ప్రస్తావవశాత్తు చెప్పుకోదగినది.

పరిశోధనలు

ఉద్దానం వ్యాధిపై అనేక సంస్థలు పనిచేశాయి. మూత్రపిండ వైద్య నిపుణుడు తాతపూడి రవిరాజు బృందం జరిపి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, పరీక్షించిన పెద్దవారిలో సుమారు 18 శాతం మందికి దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి ఉన్నట్లు తేలింది. వారిలో అధికుల విషయంలో తెలిసిన కారణమేదీ కనబడలేదు. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకుల బృందం 2020లో వెలువరించిన అధ్యయనంలో ఇది సుమారు 21 శాతం. వయసు పైబడినవారు, చదువు తక్కువగా ఉన్నవారు, ఒళ్ళు వంచి కూలిపని చేసేవారు, పొగాకు వాడేవారు, రక్తపోటు ఉన్నవారు రోగులలో ఎక్కువగా కనిపించారు. 2017లో హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన జోసెఫ్ బాన్వెంత్రే తదితర వైద్యులు కూడా ఈ సమస్యను పరిశీలించడానికి వచ్చారు.

నీటిలోని సిలికా, భార లోహాలు, పురుగుమందులు, ఎండదెబ్బతో పదేపదే శరీరం నీరు కోల్పోవడం, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం - ఇన్ని అనుమానాలు ఉన్నాయి గాని, ఏ ఒక్కటీ ఇదే కారణమని రుజువు కాలేదు.

ఉప్పు, ఎండుచేప, కొబ్బరినీళ్ళు

ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు, అంటే సుమారు ఒక చిన్న చెంచాడు వాడాలి. తీర ప్రాంతపు భోజనంలో ఈ హద్దు దాటడం చాలా తేలిక. ఎండుచేపలు ఉప్పులో నానబెట్టి ఎండబెట్టినవి. ఊరగాయ, అప్పడాలు, చద్దన్నంలో కలుపుకొనే ఉప్పు దీనికి అదనం. అన్నం ఎక్కువగాను, కూర తక్కువగాను ఉండే పేద ఇంటిలో ముద్ద దిగడానికి ఉప్పూ కారమే ఆధారం కనుక, "ఉప్పు తగ్గించండి" అని చెప్పినంత సులభం కాదు ఆచరణ. ఎండుచేపను వండే ముందు నీళ్ళలో నానబెట్టి రెండు మూడుసార్లు కడిగితే కొంత ఉప్పు పోతుంది. చెమటపట్టి పనిచేసేవారికి ఉప్పు ఎక్కువ కావాలన్న మాట కూడా వినబడుతుంది. సాధారణంగా తినే భోజనంలోని ఉప్పే దానికి సరిపోతుంది. వారికి కావలసినది నీరు, నీడ, విశ్రాంతి.

మామూలు రక్తపోటు రోగులకు పొటాషియం ఎక్కువగా ఉన్న పండ్లు, కూరలు, కొబ్బరినీళ్ళు మంచివని చెబుతారు. అది నిజమే. కాని మూత్రపిండాలు దెబ్బతిన్నవారి శరీరంనుండి పొటాషియం బయటకు పోదు. అది రక్తంలో పెరిగితే గుండె లయ తప్పి ఆగిపోవచ్చును. కొబ్బరితోటల మధ్య నివసిస్తూ, దాహం వేస్తే బొండాం కొట్టుకొని త్రాగే అలవాటున్న ఉద్దానంలో ఇది చాలా ముఖ్యమైన హెచ్చరిక. బజారులో "తక్కువ సోడియం ఉప్పు" పేరుతో దొరికే ప్యాకెట్లలో కొంత భాగం పొటాషియం క్లోరైడు ఉంటుంది. ఇతర ప్రాంతాల రక్తపోటు రోగులకు అది మేలు చేస్తుందని పరిశోధనలు చెబుతున్నప్పటికీ, క్రియాటినిన్ పరీక్ష చేయించుకోకుండా ఉద్దానంలో ఎవరూ దానిని వాడరాదు. పత్రికలలో వచ్చే గుండె ఆరోగ్య సలహాలు చాలావరకు మూత్రపిండాలు బాగున్నవారిని ఉద్దేశించి వ్రాసినవే. జీడిపప్పు కొద్దిగా తింటే గుండెకు మంచిదన్న సలహా కూడా అటువంటిదే. అందులో పొటాషియం, భాస్వరం రెండూ ఎక్కువ.

చుట్ట, అడ్డపొగ

శ్రీకాకుళం, విశాఖపట్నం తీర గ్రామాలలో చుట్ట కాల్చే స్త్రీలు ఎక్కువ. నిప్పు ఉన్న కొనను నోటి లోపల పెట్టుకొని పీల్చడాన్ని అడ్డపొగ అంటారు. డెన్మార్కు శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్, భారతీయ పరిశోధకులతో కలసి 10,169 మంది గ్రామీణులను పరిశీలించి దీనిపై 1971లో వ్యాసం ప్రచురించాడు. అడ్డపొగను గురించిన చర్చ ఎక్కువగా అంగిలి క్యాన్సరు చుట్టూనే సాగింది. పొగాకు స్త్రీ, పురుష భేదం లేకుండా హృద్ధమనులకు హాని చేస్తుంది. సన్న చుట్ట కనుక ఫరవాలేదని, పొగ లోపలికి పీల్చడం లేదని చెప్పుకొనే సమర్థనలు నిలవవు. స్త్రీలకు గుండె జబ్బులు రావని కుటుంబాలు అనుకోవడం వలన వారి ఛాతీనొప్పిని గ్యాస్ నొప్పిగా కొట్టిపారవేయడం కూడా జరుగుతున్నది.

నొప్పి మాత్రలు

రోజంతా కొబ్బరికాయలు ఒలిచి, జీడిపిక్కలు కొట్టి, వలలు లాగి వచ్చినవారికి ఒళ్ళునొప్పులు సహజం. మందుల దుకాణంలో చీటీ లేకుండా దొరికే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు నొప్పిని త్వరగా తగ్గిస్తాయి. అవి మూత్రపిండాలకు వెళ్ళే రక్తాన్ని తగ్గించి, ఉప్పును శరీరంలో నిలువచేసి రక్తపోటును పెంచుతాయి. కొన్ని రక్తపోటు మాత్రల పనిని కూడా చెడగొడతాయి. ఎండలో చెమటతో నీరు కోల్పోయిన శరీరంపై వీటి ప్రభావం మరింత తీవ్రం. ఎక్కువ కాలం వాడితే గుండెపోటు ప్రమాదం కూడా పెరుగుతుంది. ఉద్దానం వ్యాధికి ఇవే కారణమని రుజువు కాలేదు. ఐనను, అప్పటికే వ్యాధి ఉన్నవారికి వీటివలన హాని తప్పదు. నొప్పి తప్పనిసరైనప్పుడు పారాసిటమాల్ తగుమాత్రంగా వాడడం వీటికంటె మేలు.

చికిత్స

రక్తపోటుకు తొలి ఆధునిక మందులలో ఒకటి మన దేశపు మొక్కనుండే వచ్చింది. సర్పగంధి వేరు రక్తపోటును తగ్గిస్తుందని బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో వ్రాసిన వ్యాసం ప్రపంచ దృష్టిని ఆకర్షించింది. దానినుండి వేరుచేసిన రెసర్పిన్ కొన్నాళ్ళు విరివిగా వాడబడినది. మనోవ్యాకులత వంటి దుష్ఫలితాల వలన ఇప్పుడు అరుదైనది.

ఇప్పుడు ఆమ్లోడిపిన్, టెల్మిసార్టన్, ఎనలాప్రిల్, క్లోర్థాలిడోన్ వంటివి వాడుకలో ఉన్నాయి. వీటిలో చాలావరకు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితంగా దొరుకుతాయి. టెల్మిసార్టన్, ఎనలాప్రిల్ తరగతికి చెందిన మందులు మూత్రంలో ప్రొటీను పోతున్నవారి మూత్రపిండాలను కాపాడతాయి. అయితే పొటాషియాన్ని పెంచే గుణం ఉన్నందున, మొదలుపెట్టిన ఒకటి రెండు వారాలలో క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు చేయించాలి. వాంతులు, విరేచనాలు పట్టుకొన్న రోజులలో ఈ మాత్రలను తాత్కాలికంగా ఆపడం గురించి వైద్యుని అడగాలి. హృద్ధమని వ్యాధి ఉన్నవారికి వీటికి తోడుగా ఆస్పిరిన్, కొలెస్టరాల్‌ను తగ్గించే స్టాటిన్ మందులు ఇస్తారు. మూసుకున్న ధమనిని బెలూనుతో వెడల్పు చేసి స్టెంటు అమర్చడం, లేదా బైపాస్ శస్త్రచికిత్స చేయడం తరువాతి మెట్లు. మూత్రపిండాల రోగులకు యాంజియోగ్రాంలో వాడే రంగుమందు వలన ప్రమాదం ఉంటుంది కనుక, తమకు కిడ్నీ జబ్బు ఉన్న సంగతిని వారు ముందే చెప్పాలి.

మాత్రలు ఆగిపోకుండా చూసుకోవడం అన్నిటికంటె కష్టం. వెరావల్ వెళ్ళే మత్స్యకారుడు నెలల తరబడి పడవపై ఉంటాడు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఇచ్చే నెల మాత్రలు అతనికి చాలవు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటి కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసినపుడు విద్యుత్తు, రోడ్లు రోజుల తరబడి స్తంభించాయి. తుపానులు తరచుగా వచ్చే అక్టోబరు, నవంబరు నెలలలో ఇంటిలో కనీసం రెండు వారాల మాత్రలను తడవకుండా దాచి ఉంచుకోవడం ఇటువంటి తీరంలో అవసరం.

గుండెపోటు వచ్చినపుడు

ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్లు నొప్పి, అది ఎడమ చేతికి గాని దవడకు గాని పాకడం, చల్లని చెమటలు, ఆయాసం ముఖ్య లక్షణాలు. మధుమేహం ఉన్నవారిలో, స్త్రీలలో, వృద్ధులలో నొప్పి లేకుండా ఆయాసమో నీరసమో మాత్రమే ఉండవచ్చును. పలాస నుండి విశాఖపట్నం కింగ్ జార్జ్ ఆసుపత్రికి సుమారు రెండు వందల కిలోమీటర్ల దూరం. ఇచ్ఛాపురం వారికి ఒడిషాలోని బరంపురం వైద్య కళాశాల దగ్గర. ఈ దూరాల దృష్ట్యా, పెద్ద ఆసుపత్రికే నేరుగా వెళ్ళాలని కారు కోసం గంటల తరబడి వెతకడం కంటె, 108కి ఫోను చేసి దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రిలో ఇ.సి.జి. తీయించుకోవడం మేలు. గడ్డను కరిగించే ఇంజెక్షను మొదటి కొన్ని గంటలలో ఇస్తేనే పూర్తి ప్రయోజనం. ఈ ఇంజెక్షనును చిన్న ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితంగా ఇచ్చి, తరువాత పెద్ద ఆసుపత్రికి పంపే స్టెమీ కార్యక్రమాన్ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2023లో ప్రారంభించింది.

సదుపాయాలు

టెక్కలి, పలాస, సోంపేట, కవిటి ప్రభుత్వ ఆసుపత్రులలో డయాలిసిస్ కేంద్రాలు ఏర్పడినవి. డయాలిసిస్ రోగుల నెల పింఛనును 2019లో 10,000 రూపాయలకు పెంచారు. హిరమండలం జలాశయం నుండి వంశధార నీటిని శుద్ధిచేసి ఉద్దానం గ్రామాలకు అందించే సుజలధార పథకం, పలాసలో 200 పడకల మూత్రపిండాల పరిశోధన కేంద్రం మరియు ఆసుపత్రి 2023 డిసెంబరు 14న ప్రారంభించబడినవి. అంతకుముందు ఊళ్ళలో నీటిశుద్ధి యంత్రాలు నెలకొల్పారు. మంచినీరు వచ్చినంత మాత్రాన ఇప్పటికే దెబ్బతిన్న మూత్రపిండాలు బాగుపడవు. అది రాబోయే తరానికి మేలు చేస్తుందా లేదా అన్నది తేలడానికి ఏళ్ళు పడుతుంది. ఇప్పటికే వ్యాధి ఉన్నవారి విషయంలో వైద్యులు చేయగలిగినవాటిలో రక్తపోటును 130/80 ప్రాంతానికి తెచ్చి నిలపడం ముఖ్యమైనది. దానికి కావలసిన పట్టీ, మాత్రలు గ్రామ స్థాయి ఆరోగ్య కేంద్రాలలోనే ఉంటాయి.